ఖిల్లాలో ఒక పాత ఇల్లు, ఇష్టం లేని ఇద్దరు: నిదానంగా రాజుకునే ప్రేమ నవల రాయడం ఎలా?

నా మొదటి నవల రాతప్రతిని మా పెద్దమ్మ చదివింది. మట్టెవాడలో పాత ఇల్లు బాగుచేయడానికి దిగిన ఇద్దరి కథ అది. ఆరో అధ్యాయంలోనే ముద్దు పెట్టుకున్నారు. పదకొండో అధ్యాయానికి ఇంటి సంగతి నేనే మరిచిపోయాను. పెద్దమ్మ కాగితాల కట్ట చేతిలో పెట్టి ఒక్క మాట అడిగింది: "గంతా మంచిగనే ఉన్నది గని బిడ్డా, మరి పైకప్పు ఏమాయె?"

ఆ ప్రతి అటుక మీదికి పోయింది. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉంది. ఇలాంటి నవలలో ప్రేమ ఆలస్యం కావాలి, నిజమే. కానీ ఆ ఆలస్యం రచయిత చేయించినట్టు ఉండొద్దు, ఇల్లే చేయించాలి. ఇద్దరూ మనసులో మాట ఎందుకు చెప్పుకోరు అని పాఠకురాలు అడిగితే "చెప్పుకుంటే నవల అయిపోతుంది గనక" అన్నది జవాబు కాదు. "పైకప్పు విప్పి ఉంది, మిరుగం (మృగశిర కార్తె) నాలుగు రోజుల్లో ఉంది, ఇప్పుడు మాట తేడా వస్తే పని ఆగిపోతుంది" అన్నది జవాబు. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క పట్టు కోసమే.

మొదటి అడుగు: ముందు ఇల్లు, తర్వాత మనుషులు

చాలామంది హీరో హీరోయిన్ల పేర్లతో మొదలుపెడతారు. మీరు ఇంటితో మొదలుపెట్టండి. ఓరుగల్లు చుట్టూ ఇండ్లకు కొదవ లేదు. గిర్మాజీపేట సందుల్లో వ్యాపారుల పాత ఇండ్లు, ఊళ్లల్లో కూలిపోతున్న గడీలు ఉన్నాయి. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు చుట్టూ అల్లుకున్న కార్మికుల బతుకులున్నాయి. హనుమకొండలో 1904లో పెట్టిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం లాంటి పాత గ్రంథాలయాన్ని ఊహించుకుని ఇద్దరు పుస్తక ప్రియుల చేతిలో పెట్టినా కథ నడుస్తుంది.

నేనైతే ఖిల్లా వరంగల్ ఎంచుకుంటాను. అందం కోసం కాదు. నాలుగు కీర్తితోరణాలు, ఖుష్ మహల్, ఏకశిల గుట్ట వర్ణిస్తే రెండు పేజీలు వస్తాయి, అంతకు మించి రావు. కోట లోపల ఇప్పటికీ ఇండ్లున్నాయి, మనుషులున్నారు, పొలాలున్నాయి. అది రక్షిత కట్టడం గనక అక్కడ ఇల్లుండటం అంటే ఒక చట్టంతో కాపురం చేయడం. కథకు కావలసింది ఆ చట్టమే. దాని సంగతి రెండో అడుగులో.

ఇంటి పటం కాగితం మీద గీయండి. గీతలు వంకరపోయినా పర్లేదు. తలదర్వాజ ఎటు వైపు, భవంతి ఎంత, చుట్టూ ఎన్ని అర్రలు, బాయి ఎక్కడ, దాని గిరక ఉందా ఊడిపోయిందా, అటుక మీద ఏమున్నాయి, గోడల్లో దీపపు గూళ్లు ఎన్ని. ఒక్కో దూలానికి, ఒక్కో మొగురానికి (స్తంభానికి) ఆరోగ్యం రాసుకోండి. దేనికి చెద పట్టింది, ఏ గోడకు బీట వచ్చింది, వాన పడితే ఏ మూల ఉరుస్తుంది. ఇదే మీ కథకు అధ్యాయాల పట్టిక. మాట ఎంపికలోనూ జాగ్రత్త. మన దిక్కు నాలుగు పక్కలా అర్రలుండి నడుమ ఆకాశం కనిపించేది 'భవంతి'. 'మండువా' అని రాస్తే జగిత్యాల పాఠకుడు అక్కడే ఆగి, ఈ ఇల్లు గోదావరి జిల్లా నుంచి ఎప్పుడు వచ్చిందా అని చూస్తాడు.

రెండో అడుగు: ఇద్దర్నీ విడిపోనివ్వని ముడి

ఇష్టం లేని ఇద్దరు కలిసి పని చేస్తున్నారంటే, వదిలి పోవడానికి దారి లేదన్నమాట. ఆ దారి మూయడంలోనే ఎక్కువ నవలలు చిరుగుతాయి. తాత వీలునామాలో "ఇద్దరూ ఆరు నెలలు ఒకే ఇంట్లో ఉండాలె" అని షరతు పెట్టించడం చాలాసార్లు వాడేసిన ఉపాయం. తాతలకు అంత తీరిక ఉండదు.

నిజమైన చట్టాలు ఇంతకంటే రసవత్తరంగా ఉంటాయి. ఉదాహరణకు ఒక కల్పిత జంట అనుకుందాం. ఆమె సమత, ముప్పై నాలుగేళ్లు. తండ్రి ఎర్రజెండా రోజుల మనిషి గనక ఆ పేరు. తల్లిదండ్రులు లేరు. తాత కట్టిన ఇంట్లో సగం ఆమెది, సగం చిన్నాయనది. చిన్నాయన తన సగాన్ని సాంబరాజుకు రిజిస్ట్రీ చేసి హైదరాబాద్ వెళ్లిపోయాడు. సాంబరాజు తండ్రి సుతారి, అంటే తాపీమేస్త్రి. ఆ ఇంటి గోడలు ఆయన చేతి మీద లేచినవే. కొడుకు మాత్రం దుబాయిలో తొమ్మిదేళ్లు అద్దాల భవనాల మీద సూపర్‌వైజర్‌గా చేసి, కూడబెట్టిందంతా ఈ సగం ఇంట్లో పోసి తిరిగొచ్చాడు.

ఇక్కడ కొత్త రచయిత చేసే తప్పు, మరునాడే అతన్ని పెట్టెతో సహా ఇంట్లో దింపడం. అలా కుదరదు. పంపకాలు కాని కుటుంబ నివాసంలో వాటా బయటివాడు కొంటే, అంతమాత్రాన ఆ ఇంట్లో కలిసి ఉండే హక్కు అతనికి రాదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ చెబుతుంది. అతను పంపకానికి దావా వేయాలి. వేస్తే 1893 నాటి విభజన చట్టం 4వ సెక్షన్ కింద, కోర్టు కట్టిన విలువ చెల్లించి ఆ వాటాను తానే కొనుక్కుంటానని సమత అడగవచ్చు.

ఒక్కసారి ఆలోచించండి. దస్తావేజు ప్రకారం సగం ఇల్లు అతనిదే, అయినా ఆమె రమ్మంటే తప్ప అతను గడప దాటలేడు. తండ్రి కట్టిన గోడను బజార్ల నిలబడి చూడాలి. ఆమె చేతిలో కొనే హక్కు ఉంది, కొనే పైసలు లేవు. అతని చేతిలో దావా ఉంది, ఏండ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగే ఓపిక లేదు. ఇద్దరి దగ్గరా ఆయుధాలున్నాయి, వాడితే ఇద్దరికీ నష్టం.

మరి కూలగొట్టి స్థలం అమ్ముకుంటే? దానికి ఖిల్లా అడ్డం. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు నిషిద్ధ ప్రాంతం. ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో కొత్త కట్టడం కట్టరాదు. 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇల్లయితే మరమ్మతుకు అనుమతి అడగవచ్చు. అంటే కూలగొడితే మళ్లీ కట్టలేరు, కట్టలేని స్థలానికి ధర రాదు. ఇక మిగిలింది బాగుచేయడం ఒక్కటే.

ఇద్దరూ బాండు పేపర్ మీద ఒప్పందం రాసుకుంటారు. ఖర్చు సగం సగం. పని అయ్యాక అమ్మాలా, కిరాయికివ్వాలా అన్నది అప్పుడు తేల్చుకోవాలి. సమత ఒక షరతు చేరుస్తుంది: అతను పొద్దున ఎనిమిదికి వచ్చి, దీపాలు పెట్టే వేళకు వెళ్లిపోవాలి. ఈ షరతు మీకు బంగారం. నవలంతా ప్రతి సాయంత్రం ఒక గడువు వస్తుంది. మాట సగంలో ఉండగా దీపం వెలుగుతుంది, అతను చెప్పులు తొడుక్కుంటాడు.

చట్టం గురించి నవలలో రెండు పేజీలకు మించి రాయొద్దు. వకీలు నోటితో చెప్పించొద్దు. చాయ్ హోటల్ దగ్గర ఎవరో ఒకరు సగం తప్పుగా చెప్పి, ఇంకొకరు సరిచేస్తే చాలు.

మూడో అడుగు: వాళ్లిద్దరూ ఎవరు?

రూపం, రంగు తర్వాత. ముందు ఎవరికి ఏ పని వచ్చో తేల్చుకోండి. సాంబరాజుకు సిమెంటు తెలుసు, సున్నం తెలియదు. సున్నం తెలిసిన తండ్రి లేడు. సమతకు పని రాదు, లెక్క వచ్చు, పాత ఇల్లు వాన రాత్రి ఎట్లా ఊపిరి పీలుస్తుందో తెలుసు. ఒకరికి తెలిసింది రెండోవారికి కావాలి. ఇద్దరూ అది ఒప్పుకోరు.

కులం సంగతి దాటేసి ఓరుగల్లు నవల రాయొచ్చనుకుంటే అది మీ ఇష్టం, నేను మాత్రం నమ్మను. అతని తండ్రి ఆమె తండ్రిని "పటేలా" అని పిలిచాడు. సమానత్వం గురించి మాట్లాడిన ఆ తండ్రి ఆ పిలుపును ఏనాడూ వద్దనలేదు. సమతకు ఈ సంగతి ఎన్నో అధ్యాయంలో తట్టాలి? నేనైతే ఇరవయ్యోది దాకా ఆగుతాను. అదీ ఎవరో చెప్పడం వల్ల కాదు, ఇంటి పాత లెక్కల కాగితాల్లో సుతారి కూలి బాకీ కనిపించడం వల్ల.

నాలుగో అడుగు: కార్తెలే అధ్యాయాలు

ఇంగ్లీషు నెలలతో ప్రణాళిక వేసుకోకండి. ఇంటి పని కార్తెలు చూస్తుంది. మాఘంలో ఒప్పందం, ఫాల్గుణంలో అటుక ఖాళీ చేయడం. చైత్ర వైశాఖాల్లో గూన (పైకప్పు పెంకులు) దించి, చెడిన దూలాలు మార్చాలి. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది, రోళ్లు పగిలే ఎండ అంటాం కదా, ఆ ఎండలో ఇద్దరూ నెత్తిన తువ్వాల వేసుకుని పైకప్పు మీద ఉండాలి. జూన్ 8 ప్రాంతంలో మృగశిర. అప్పటికి గూన కప్పి ఉండాలి.

ఉండదు. అదే కథ.

ఎందుకుండదు? ఇక్కడ సహజమైన కారణం కావాలి. దూలానికి చెప్పిన టేకు ఆలస్యమవుతుంది. సగం కప్పిన గూన మీదికి కోతుల దండు వస్తుంది. ఇది నవ్వులాట అనుకునేవాళ్లు మన ఊళ్లల్లో ఉండలేదన్నమాట. పూట గడిచేసరికి పెంకులన్నీ భవంతిలో ముక్కలై ఉంటాయి. మిరుగం నాడు ఊరంతా చేపలు కొంటుంటే వీళ్లు టార్పాలిన్ కోసం వరంగల్ చౌరస్తాలో తిరుగుతారు. ఆ రాత్రి వాన. దీపాలు పెట్టే వేళ దాటిపోయింది, టార్పాలిన్ రెండు కొసలు పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒప్పందం మొదటిసారి తప్పింది ఆ రాత్రే, తప్పించింది వాన. తెల్లవారి ఆ సంగతి ఇద్దరూ ఎత్తరు.

వానకాలమంతా లోపలి పని. వడ్ల పని (వడ్రంగం), గచ్చు, బాయి పూడిక. ఒక చిన్న కిటుకు: వానల్లో చెక్క ఉబ్బుతుంది. అప్పుడు దర్వాజ పట్టేస్తుందని రంద (చిత్రిక) పడితే చలికాలంలో సందు తేలుతుంది. అనుభవమున్న వడ్లాయన "ఎండలు రానియ్యిండ్రి" అంటాడు. పట్టేసిన తలుపు తెరవడానికి ఇద్దరు భుజాలు ఆనించాల్సిన నెలలు మీకు ఉచితంగా దొరుకుతాయి.

బతుకమ్మ, దసరా వచ్చేసరికి వాన తగ్గుతుంది. వేయిస్తంభాల గుడి ముందు ఎంగిలిపూల నాడు, అంటే బతుకమ్మ తొలిరోజు, సమతను ఇరుగుపొరుగు ఆడవాళ్లు పాటల నడుమ ప్రశ్నలతో కడుగుతారు. దసరా నాడు ఉర్సు గుట్ట రంగలీల మైదానంలో రావణుడు కాలాక, జమ్మి ఆకు "బంగారం" అని చేతిలో పెట్టే ఆచారం ఉంది కదా. ఊరందరి ముందు, ఎవరూ ఏమీ అనలేని విధంగా, ఒకరి అరచేతిని ఇంకొకరు తాకే వీలు మన పండుగే ఇచ్చింది. దాన్ని వాడుకోకుండా కాఫీ షాపు సన్నివేశం రాసేవాళ్లను చూస్తే నాకు జాలి.

ఆ తర్వాత ఎండ మెత్తబడ్డాక సున్నం పని.

ఐదో అడుగు: సున్నం నేర్చుకోండి

నవలకు నడుము ఇదే. ఇక్కడ తొందరపడొద్దు.

తొలి గొడవ ఇక్కడే పెట్టండి. సాంబరాజు సిమెంటు బస్తాలు దింపుతాడు. వారంలో పని అయిపోతుందంటాడు. ముసలి సుతారి ఒకాయన, అతని తండ్రి జతగాడు, గోడ మీద చెయ్యి పెట్టి వద్దంటాడు. కారణం నిజమైనది. పాత గోడ నేలలోంచి చెమ్మ పీలుస్తుంది. సున్నపు పూత ఆ చెమ్మను బయటికి పోనిస్తుంది. సిమెంటు పోనివ్వదు. లోపలే నిలిచిన చెమ్మ, ఉప్పు కలిసి పూతను పొక్కుల్లా లేపుతాయి. మా ఇంట్లో పడమటర్రకు ఒక మేస్త్రి మాట నమ్మి సిమెంటు కొట్టించాం. మూడు వానకాలాలకు గోడ చర్మం ఊడినట్టు ఊడింది. దాని వెనక మట్టి మాత్రం చల్లగా, గట్టిగా అట్లనే ఉంది.

ఇక సున్నం తయారీ. కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతుంది. చల్లారాక వడగట్టి, గుంతలో నీళ్ల కింద కనీసం వారం పది రోజులు నాననివ్వాలి. ఎంత నానితే అంత మెత్తన. తర్వాత ఇసుక, కొన్నిచోట్ల ఇటుక పొడి కలిపి గానుగలో రుబ్బుతారు. అదే డంగు సున్నం. బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపే పద్ధతీ ఉంది. పూత పలచగా, వరస మీద వరస వేయాలి. ముందు గోడ తడపాలి, వేశాక ఎండిపోకుండా రోజుల తరబడి తడుపుతూ ఉండాలి. సిమెంటు నీళ్లతో గట్టిపడుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ పైనుంచి లోపలికి నెలల తరబడి గట్టిపడుతుంది.

ఇక్కడే మీ చేయి ఆపుకోవాలి. "మన బంధం కూడా సున్నం లాంటిదే సాంబరాజూ" అని సమతతో అనిపించారో, పుస్తకం నేలపాలే. ఇల్లు మనసుకు ప్రతీక అని పాఠకురాలికి మీకంటే ముందే తెలుసు. మీరు గోడ తడపండి చాలు. రోజూ తడపాలి గనక ఒప్పందంలో లేని ఆదివారాలు కూడా అతను వస్తాడు. ఆమె వద్దనదు. పోలిక కంటే ఇది బలం.

సున్నానికి ప్రమాదమూ ఉంది. ఉడికే సున్నం చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. వెంటనే ధారగా చాలాసేపు నీళ్లతో కడిగి ఆసుపత్రికి పరిగెత్తాలి. మొదటి స్పర్శ ఇక్కడ పెడితే అది వయ్యారం కాకుండా అవసరం అవుతుంది. సమత ఎడమ చేత్తో అతని గదమ పట్టుకుని కుడిచేత్తో చెంబు వంచుతుంది:

"కండ్లు తెరువు."

"మంట..."

"తెరువుమంటాన గదా!"

తర్వాత ఆటోలో కంటి ఆసుపత్రి దాకా ఇద్దరూ మాట్లాడరు. ఆమె కొంగు నుంచి ఇంకా నీళ్లు కారుతుంటాయి.

ఆరో అడుగు: పిలుపు

పై సన్నివేశంలో జరిగిన అసలు సంఘటన స్పర్శ కాదు, "తెరువు" అన్న ఏకవచనం. తెలుగులో ప్రేమకథ రాసేవాళ్లకు 'మీరు', 'నువ్వు' నడుమ ఉన్న దూరం ఒక వరం. చాలామంది మొదటి అధ్యాయంలోనే దాన్ని ఖర్చు చేసేస్తారు.

మన దిక్కు ఇంకో చిక్కుంది. తెలియని మగమనిషిని మర్యాదగా పిలవాలంటే నోటికొచ్చేది "అన్నా". సమత అతన్ని ఒక్కసారి అన్నా అందంటే కథ ముగిసింది. "సాంబరాజు గారూ" అంటే ఓరుగల్లు నోట్లో బ్యాంకు మేనేజరును పిలిచినట్టుంటుంది. "సార్" అనడానికి ఆమె అహం ఒప్పదు. మరేమని పిలవాలి? ఏమనీ పిలవదు. అతను అటుక మీదుంటే కింది నుంచి దూలం మీద తట్టుతుంది. ఫోనులో "ఆఁ, నేనే" అని మొదలుపెడుతుంది. ఇరవై అధ్యాయాలు పిలుపే లేకుండా నడపండి. అన్న అనకుండా ఆమె పడే తిప్పలు చూసి ముసలి సుతారి ముందే అర్థం చేసుకుంటాడు. ఆయన ఆమెను "బిడ్డా" అంటాడు, అతన్ని "కొడుకా" అంటాడు, మిగతాది అనడు.

అతని వైపు నుంచి చూడండి. దుబాయి అలవాటు కొద్దీ "మేడం" అంటాడు. మొదట అందులో కాస్త ఎకసెక్కెం. తండ్రి నోట పలికిన "పటేలా" తన నోట రానివ్వనని అందులో ఉన్న పంతం ఆమెకు చాలా ఆలస్యంగా వినపడాలి.

కంట్లో సున్నం పడిన మరునాడు సమత అడుగుతుంది: "కండ్లు ఎట్లున్నయి మీకు?" ఆ 'మీకు' వెనక్కి వేసిన అడుగు. ఇద్దరికీ తెలుసు. ఇలా ఒక అడుగు ముందుకు, ముప్పాతిక అడుగు వెనక్కు వేస్తూ పోవాలి.

మాండలికం మీద ఒక మాట. వరంగల్, కరీంనగర్ దిక్కు 'వత్తాండు', 'పోతాంది' అంటారు. సినిమాల్లో వినే హైదరాబాద్ యాస తెచ్చి ఖిల్లాలో పెట్టకండి. సంభాషణల్లో యాస నిండుగా ఉండనివ్వండి. కథనంలో ఎంత ఉండాలన్నది మీ చెవి చెబుతుంది.

ఏడో అడుగు: లెక్కల పుస్తకం

ఖర్చు సగం సగం గనక ఇద్దరూ రాసే నోటుబుక్కు ఒకటుండాలి. దీపాలు పెట్టే వేళకు అతను పోవాలి గనక, చెప్పలేకపోయినవి అందులోకి చేరతాయి. ఇది నాకు ఇష్టమైన భాగం. ఆమె రాస్తుంది: "ఇసుక ఒక ట్రాక్టర్. బెల్లం పది కిలోలు. చాయ్‌లు ఆరు." కింద అతని రాత: "బెల్లంల రెండు కిలోలు తక్కువున్నయి. చీమలను అడిగిన, ఒప్పుకుంటలేవు." మరునాడు ఆమె రాత: "చీమలు తెల్లంగీ ఏసుకుంటయా?"

ప్రేమలేఖ అన్న మాట నవలలో ఎక్కడా రాకూడదు. ఒకరోజు సర్వపిండి తెచ్చి గిన్నె వదిలి వెళ్తుంది, అతను ఖర్చుల వరుసలో "సర్వపిండి: బాకీ" అని రాస్తాడు. ఆ బాకీ ఎన్ని నెలలైనా కొట్టివేయబడదు. అంతే.

ఎనిమిదో అడుగు: చుట్టూ మనుషులు

తక్కువగా పెట్టండి. ముసలి సుతారి, కోతులను తరిమే పిల్లవాడు, ఇంటి ముందు రోజూ ఏదో ఒక వంకతో ఆగే మేనత్త. చిన్నాయన ఫోనులో మాత్రమే ఉంటే మేలు. ఊరు పుకార్లు పుట్టిస్తుంది, నిజమే. కానీ పుకారుతో కథ మలుపు తిప్పకండి. పుకారు వాన చుక్కలాంటిది, తడుపుతుంది గని గోడ కూల్చదు.

తొమ్మిదో అడుగు: విరుపు

ఇలాంటి నవలలు ముప్పాతిక దగ్గర అపార్థంతో విరుగుతాయి. ఎవరో ఎవరితోనో మాట్లాడుతుండగా చూసి కోపంతో వెళ్లిపోవడం. దయచేసి వద్దు. అన్నీ అర్థమై కూడా విడిపోవాల్సి వస్తేనే నొప్పి.

రెండో అడుగులో వేసిన ముడి ఇక్కడ బిగించండి. సాంబరాజుకు వాటా కొనడానికి చేసిన అప్పు మీద పడింది. దాచకుండా ఆమె ముందే చెబుతాడు, పంపకాల దావా వేయక తప్పదని. సమతకు తానే కొనే హక్కు ఉంది. కానీ ఇప్పుడు కోర్టు కట్టే విలువ మొదట్లో ఉన్న శిథిలానికి కాదు. పూత వేసిన ప్రతి గోడ, కప్పిన ప్రతి గూన ధర పెంచాయి. ఇద్దరూ కలిసి చేతులారా చేసిన పనే ఆ ఇంటిని ఆమెకు అందకుండా చేసింది. దీనికి విలన్ అక్కర్లేదు.

దావా వద్దని, రాజీగా పంపకం చేసుకుందామని ఇద్దరూ ఒప్పుకుంటారు. పాత ఇండ్లల్లో అన్నదమ్ములు వేరుపడితే ఏం చేస్తారు? భవంతి నడుమ గోడ లేపుతారు. మన ఊళ్లల్లో ఆ గోడలు చూడని వారుండరు. లేపాల్సింది ఎవరు? సుతారి కొడుకు. తొమ్మిది నెలలు ఇంటిని బతికించిన మనిషే దాన్ని రెండుగా కోయాలి. ఈ అధ్యాయంలో మాటలు దాదాపు ఉండొద్దు. తూకం గుండు దారం, ఇటుక, తాపీ చప్పుడు. ఒక వరుస. రెండో వరుస.

అప్పుడు సమత అర్రలోకి పోయి, నవల మొదట్లో ఇద్దరూ సంతకం పెట్టి తెచ్చుకున్న మరమ్మతు అనుమతి కాగితం తెస్తుంది. మెట్టు మీద కూర్చుని పైకి చదువుతుంది. మరమ్మతు మాత్రమే, కొత్త కట్టడం ఏదీ కట్టరాదు. "గోడ కొత్తదే గదా," అంటుంది.

ఆమె ప్రేమ ప్రకటన అదే. ఇంకేమీ కలపకండి. ఇది పండాలంటే ఆ కాగితం ముందే రెండు మూడుసార్లు, అదీ చిరాకుగా, పాఠకురాలి కంటపడి ఉండాలి. దరఖాస్తు తిరిగిరావడం, ఫొటో సరిగ్గా లేదనడం, అనుమతి కోసం వేసారి చూడటం. మొదట్లో విసుగు పుట్టించిన ఆ కాగితమే ఇప్పుడు పనికొస్తుంది. ఆలస్యాన్ని ఓరుగల్లు పాఠకులు తేలిగ్గానే నమ్ముతారు. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం రాళ్లు విప్పి ఏండ్ల తరబడి ఉండటం, 2024 మార్చిలో అది తిరిగి తెరుచుకోవడం వాళ్లు చూసినవాళ్లే.

అప్పు సంగతి? అది ఉంటుంది. ఇంట్లో రెండర్రలు కిరాయికిస్తారో, అతను సున్నం పని నేర్చిన సుతారిగా బయట పనులు పడతాడో లెక్కల పుస్తకంలో ఒక పేజీలో చూపండి. ఎవరో వచ్చి పైసలు కురిపించకూడదు.

చివరి అడుగు: ఎక్కడ ఆపాలి

గృహప్రవేశం, పెండ్లి పందిరి, ఐదేళ్ల తర్వాత పిల్ల ఆటలాడుతున్న భవంతి, ఇవన్నీ నేనూ రాసి కొట్టేసినవే. రాతప్రతి పూర్తయ్యాక ఇంటి పటం మళ్లీ ముందేసుకుని చూడండి. ప్రతి బీట, ప్రతి దూలం, బాయి గిరక ఏమయ్యాయో కథలో ఉందా? లేకపోతే మా పెద్దమ్మలాంటి వాళ్లు అడుగుతారు.

నవల పొడుగునా పొద్దున ఎనిమిదికి సాంబరాజు గడప బయట నిలబడి ఉంటాడు. చట్టం నిలబెట్టింది, తర్వాత అలవాటు నిలబెట్టింది. లోపలి నుంచి సమత "రాండ్రి" అంటుంది, అతను వస్తాడు. ఈ వాక్యాన్ని కనీసం పదిసార్లు, ప్రతిసారీ ఒకేలా రాయండి. విసుగొస్తుందేమోనని మార్చకండి.

చివరి పేజీలో పొద్దున కాకుండా దీపాలు పెట్టే వేళ ఉండాలి. పని ముగిసింది, పనిముట్లు కడిగి సంచిలో వేసుకున్నాడు, చెప్పులు తొడుక్కుని బజార్ల దాకా పోయి ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చి గడప దగ్గర ఆగాడు. లోపల సమత గూట్లో దీపం పెడుతోంది. వెనక్కి తిరగకుండానే అంటుంది:

"రా."

నా దగ్గరున్న తాజా ప్రతిలో దీని తర్వాత ఒక పేరా ఉండేది. పెద్దమ్మ ఎర్ర పెన్నుతో కొట్టేసింది.